ముప్పై గోలీలు ఇవ్వాల్సిన చోట పది ఇచ్చినవాడి ఉత్తరం

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,
తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. విడివిడిగా రాస్తే ఏమవుతుందో ఉద్యోగంలో ఉన్నప్పుడే చూశాను. మందులు చాలడం లేదని మీటింగులో ఎవరైనా లేచి అడిగితే, అది ఢిల్లీ నుంచి రావాల్సిన పద్దు అనేవారు. ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లను అడిగితే, వైద్యం రాష్ట్రాల సబ్జెక్టు అనేవారు. జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో మీ వాటాలు 60, 40 అని నాకు తెలుసు. నా కిటికీ ముందు చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) 33 ఏళ్లు ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కొన్నేళ్లు నల్గొండ వైపు. డాక్టర్లు వచ్చేవారు, పీజీ సీటు రాగానే వెళ్లిపోయేవారు. నేను మాత్రం ఆ ఇనుప జాలీ కిటికీ వెనకే ఉండేవాణ్ణి. జనం నన్ను గోలీల సారు అనేవాళ్లు. ఈ ఉత్తరం కూడా గోలీల గురించే. పెద్ద పెద్ద ఆపరేషన్ల గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు.

మొదట నా తప్పు చెప్పుకుంటాను.

ఒక దీపావళి మరునాడు ఒకతను వచ్చాడు. నలభై అయిదేళ్లు దాటి ఉండవు. పుణెలో బిల్డింగ్ పనికి పోతున్నాడు. గుంపుమేస్త్రీ అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాడు, సాయంత్రం బండి. అతనికి బీపీ ఉందని ఏడాది కింద మా ఆశమ్మే పట్టుకుంది. "సారూ, మల్ల ఉగాదికే వస్తం. అన్ని నెలల గోలీలు ఒక్కపారే ఇయ్యరాదు?" అన్నాడు. నెలకు మించి ఇవ్వకూడదన్నది నాకున్న రూలు. నెలకు కూడా ఇవ్వలేనంత తక్కువగా ఉంది ఆ రోజు నా స్టాకు. వెనక లైన్లో ఇంకా ముప్పై మంది దాకా ఉన్నారు. అందరికీ తలా పది ఇచ్చి సర్దుతున్నాను, అతనికీ పది ఇచ్చాను. చీటీ మీద "బీపీ టాబ్, పొద్దున 1" అని రాశాను. గోలీ పేరు రాయలేదు.

సంక్రాంతికి ముందే అతన్ని ఇంటికి తెచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి వంకర పోయింది. భార్య నన్ను ఒక్క మాట అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "పది దినాలకే అయిపోయినయ్ సారు. ఆడ మందుల షాపుకు పోతే ఏం గోలీనో చెప్పమన్నరు. చీటీ సూపెడితే దీని మీద పేరు లేదన్నరు. ఇంటికి పోయినంక తెచ్చుకుందాం తీ, నాకేమైతుంది, మంచిగనే ఉన్న గద అన్నడు."

బీపీతో వచ్చే చిక్కే అది. నొప్పి ఉండదు. పంటి నొప్పికో నడుము నొప్పికో అయితే మనిషి ఎంత దూరమైనా పోయి మందు తెచ్చుకుంటాడు. ఏమీ నొయ్యని రోగానికి రోజూ గోలీ మింగమని ఒప్పించడానికి ఆశమ్మకు ఏడాది పట్టింది. ఆ అలవాటును పోగొట్టడానికి నాకు అర నిమిషం పట్టింది.

ఇందులో నా చేతిలో ఉన్నది ఎంత, లేనిది ఎంత అని చాలా రోజులు ఆలోచించాను. పేరు రాయకపోవడం పూర్తిగా నా తప్పు. పది ఇవ్వడం మాత్రం నా ఒక్కడి తప్పు కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది. మీరు దయచేసి చూడాల్సింది ఆ లెక్కనే.

మందులు కొనేది రాష్ట్రంలోని కార్పొరేషన్. అక్కడి నుంచి సెంట్రల్ డ్రగ్ స్టోరుకు వస్తాయి. మేం ఆన్‌లైన్‌లో ఇండెంట్, అంటే ఏ మందు ఎంత కావాలో చెప్పే పట్టీ, పెట్టి అక్కడి నుంచి తెచ్చుకుంటాం. ఇండెంట్ ఎంత పెట్టాలి? పోయినసారి ఎంత ఖర్చయిందో చూసి దానికి కొంచెం కలిపి పెట్టాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మధ్యలో పదిహేను రోజులు స్టాకు లేదనుకోండి. ఆ పదిహేను రోజులూ నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. రిజిస్టరులో ఖర్చు సున్నా. అంటే ఆ విడత ఖర్చు తగ్గినట్టు కనబడుతుంది. తర్వాతి ఇండెంట్‌లో నేను ఎక్కువ అడిగితే "మీ వాడకమే ఇంత, ఇంతెందుకు?" అని పైనుంచి ప్రశ్న. ఇచ్చిన గోలీకి లెక్క ఉంది, ఇవ్వలేకపోయిన గోలీకి లెక్క లేదు. ఒకసారి కొరత వస్తే ఆ కొరతే వచ్చే ఏటి అవసరంగా కాగితం మీదకు ఎక్కుతుంది. నాకు తెలిసిన ఫార్మసిస్టులందరూ దీనికి ఒకటే విరుగుడు కనిపెట్టుకున్నారు. ఉన్నవాటిని చిన్న చిన్న వాటాలు చేసి పంచడం. ముప్పై బదులు పదిహేను, పదిహేను బదులు పది. అలా చేస్తే కిటికీ దగ్గర గొడవ ఉండదు, స్టాకు నిల్ అని రాయాల్సిన పని కూడా ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి చూస్తే బీపీ మందు "అందుబాటులో ఉంది".

ఇక ఆ పది గోలీల ధర సంగతి. సర్కారు కొనే ధరలో బీపీ గోలీ ఒకటి రూపాయి లోపే పడుతుంది. రోగికి ఉచితం. నిజంగా ఉచితమేనా? తండా నుంచి ఆటో పోను రాను. ఓపీ చీటీ, డాక్టరమ్మ దగ్గర లైను, నా దగ్గర లైను కలిపి మధ్యాహ్నం దాటుతుంది. అంటే పత్తి ఏరే కాలంలో, నాట్ల కాలంలో ఒక రోజు కూలి పోయినట్టే. నెలకు ఒకసారి అయితే భరిస్తారు. పది రోజులకొకసారి అంటే నెలకు మూడు రోజుల కూలి. మా మండలంలో ఒక ముసలాయన నాతో నవ్వుతూనే అన్నాడు, "మీ పుక్కట గోలీ కంటే షాపుల కొన్నదే అగ్గువ సారూ" అని. కొనగలిగినవాళ్లు కొంటారు. కొనలేనివాళ్లు రోజు విడిచి రోజు వేసుకుంటారు. ఇంకొందరు సగం విరిచి వేసుకుంటారు. రిజిస్టరులో వీళ్లంతా "చికిత్సలో ఉన్నవారే".

నేను చెబుతున్న ఆ మనిషి లెక్క కూడా వేసి చూశాను, రిటైరయినవాడికి వేరే పనేముంది! ఏడాదికి 365 గోలీలు. సర్కారుకు అయ్యేది 365 రూపాయల లోపు. ఇప్పుడు సదరం సర్టిఫికెట్ మీద అతనికి వికలాంగుల పింఛను వస్తోంది, నెలకు 4,016 రూపాయలు. ఒక్క నెల పింఛను డబ్బుతో అతనికి పదేళ్లకు పైగా బీపీ గోలీలు వచ్చేవి. పింఛను ఇవ్వడం తప్పని అనడం లేదు, ఆ ఇంటికి ఇప్పుడు అదే దిక్కు. మేస్త్రీ అడ్వాన్సు తీర్చడానికి ఇంటర్ చదువుతున్న కొడుకు పుస్తకాలు పక్కన పెట్టి పుణె పోయాడు. ఆ ఖర్చు ఏ శాఖ పద్దులో రాస్తారో నాకు తెలియదు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో మాది ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. కరువుకూ వలసకూ పేరుపడ్డ జిల్లాలని ఎంచుకున్నారు. అప్పుడు మా ఊళ్లలో జనం నిజంగా సంబరపడ్డారు. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకున్న చోట, తెల్ల కార్డు పట్టుకుని హైదరాబాద్ పోయి బతికి వచ్చిన పిల్లలను నేను చూశాను. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడను. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏటా 5 లక్షలు. మంచిదే. కానీ ఆ రెండు పథకాల తలుపూ ప్రధానంగా ఎప్పుడు తెరుచుకుంటుంది? మనిషి ఆస్పత్రిలో పడ్డాక. ఆయుష్మాన్‌లో డిశ్చార్జి తర్వాత మందులు 15 రోజుల వరకు ఇస్తారు. పదహారో రోజున అతను మళ్లీ మా కిటికీ దగ్గరికే రావాలి. కిడ్నీ పాడయితే డయాలసిస్‌కు సర్కారు డబ్బులిస్తుంది, పింఛనూ ఇస్తుంది. కిడ్నీ పాడుకాకుండా చూసే గోలీ మాత్రం ఈ నెల పది, వచ్చే నెల పదిహేను, ఆపై నెల "వచ్చే వారం రా అమ్మా".

ఇంతకంటే పాత సంగతి ఒకటి ఉంది. నల్గొండ వైపు చేసిన రోజుల్లో ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు నేను ఇచ్చింది ఒకటే, నొప్పి గోలీలు. వంగిపోయిన నడుములు, మడత పడని మోకాళ్లు, గారపట్టిన పళ్లు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకంలో ఉంటుంది. ఆ ఊళ్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు "నల్గొండ టెక్నిక్" అని పేరే పెట్టారు. పేరు దేశాలు దాటిపోయింది, మా దగ్గరికి వచ్చే ముసలమ్మ మాత్రం అదే బోరు నీళ్లు తాగి అదే నొప్పితో వచ్చేది. నేను డైక్లోఫినాక్ ఇచ్చేవాణ్ణి. చాలకపోతే ఊళ్లో ఆర్ఎంపీ అదే మందును సూదిలో ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి వాడితే ఆ గోలీ కిడ్నీని దెబ్బతీస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను, ఇవ్వకపోతే ఆమె నడవలేదు. ఆ జబ్బును ఆపింది చివరికి దవాఖాన కాదు, నల్లా. కృష్ణ నీళ్లు ఊళ్లలోకి వచ్చాకే కొత్తగా వంకర కాళ్ల పిల్లలు కనబడటం తగ్గింది. అప్పటికే వంగిపోయిన నడుములు అలాగే ఉన్నాయి. బీపీ విషయంలో ఆ నల్లా లాంటిది మన చేతిలోనే ఉంది, రూపాయి లోపు గోలీ.

ఏమీ మారలేదని అనను. తెలంగాణ వచ్చేనాటికి పాలమూరులో ఒక్క ప్రభుత్వ మెడికల్ కాలేజీ లేదు. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో, 2024లో గద్వాల, నారాయణపేటలో వచ్చాయి. నల్గొండ, సూర్యాపేటలకు 2019లోనే వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. 108 బండి ఫోన్ చేస్తే వస్తుంది. కాన్పులకు జనం సర్కారు దవాఖానకు రావడం పెరిగింది. అయితే పెద్ద దవాఖాన ఎంత పెద్దదయితే కింది పీహెచ్‌సీలో "రెఫర్" అనే మాట రాయడం అంత తేలికవుతుంది. ఇది మాత్రం నా కళ్లతో చూసింది.

ఇక అడగాల్సినవి అడుగుతాను.

కుదురుగా ఉన్న బీపీ, షుగర్ రోగులకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వండి. ఇది నా సొంత ఆలోచన కాదు, మీరే చేసిన పని. 2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు, తెలిసిన బీపీ, షుగర్ రోగులకు మూడు నెలల దాకా మందులు ఆశల ద్వారా, సబ్ సెంటర్ల ద్వారా అందించమని కేంద్ర ఆరోగ్య శాఖే రాష్ట్రాలకు రాసింది. అప్పుడు కొంపలేమీ మునగలేదు. జబ్బు భయంతో ఇచ్చిన వెసులుబాటును కూలి పోతుందన్న భయంతో ఎందుకు ఇవ్వకూడదు? ఇచ్చిన మందులు పారేస్తారని, అమ్ముకుంటారని మీటింగుల్లో అనేవాళ్లున్నారు. రూపాయి లోపు గోలీని ఎవరికి అమ్ముకుంటారు సార్?

వలస పోయేవాళ్లకు ఇంకో అడుగు ముందుకు వేయాలి. నారాయణపేట, కోస్గి, మక్తల్, మద్దూరు వైపు ఎవరినడిగినా బండ్లు ఎప్పుడు కదులుతాయో చెబుతారు. దసరా, దీపావళి దాటాక పోతారు, ఉగాదికో వానలకో వస్తారు. "పాలమూరు లేబర్" అన్న పేరు పెద్ద డ్యాములు కట్టిన కాలం నుంచీ ఉన్నదే, ఇందులో రహస్యమేమీ లేదు. ఓటు కోసం అయితే ముంబై దాకా బస్సులు పంపి పిలిపించుకుంటారు, అంటే ఎవరు ఎక్కడున్నారో లెక్క దొరుకుతుందన్నమాటే. ఆ లెక్కను దసరాకు ముందు ఆశమ్మ చేతికి ఇవ్వండి. పోయేవాళ్ల పేర్లు రాసి, బీపీ, షుగర్ చూసి, తిరిగొచ్చేదాకా సరిపడా మందు మూట కట్టి ఇవ్వాలి. టీబీ వాళ్లకు మరీ జాగ్రత్తగా చేయాలి. సగంలో ఆపితే ఆ మందులకు లొంగని టీబీ వస్తుంది. దాన్ని లేబర్ క్యాంపులోని రేకుల గదిలో పదిమంది మధ్య పెట్టినట్టే.

రేషన్ కార్డు ఇప్పుడు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. నారాయణపేట కార్డు మీద పుణెలో బియ్యం తెచ్చుకోవచ్చు. నారాయణపేట చీటీ మీద పుణె సర్కారు దవాఖానలో బీపీ గోలీ అడిగి చూడమనండి. మనిషి ఆరోగ్య వివరాలు ఒకచోట ఉంచడానికని పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఇంటింటికీ తిరిగి చేయించారు, ఆధార్ జిరాక్సులు మోసిన ఆశలను అడగండి ఎంత కష్టమయిందో. ఆ నంబరు కొడితే పక్క రాష్ట్రంలో గోలీ పేరు కనబడాలి, గోలీ చేతికి రావాలి. లేకపోతే ఆ కష్టమంతా దేనికి? బిల్డింగులు కట్టేవాళ్ల దగ్గర కార్మికుల సంక్షేమానికని చట్టం ప్రకారం సెస్సు వసూలవుతోంది. ఆ డబ్బులో కొంతతో లేబర్ అడ్డాల దగ్గర సాయంత్రం పూట బీపీ చూసి మందులిచ్చే చిన్న గది పెట్టలేరా?

సాయంత్రం అంటే గుర్తొచ్చింది. పీహెచ్‌సీలో ఓపీ నడిచే వేళ, కూలి జనం పొలంలో ఉండే వేళ ఒకటే. వారంలో రెండు రోజులయినా పొద్దుగూకాక సబ్ సెంటర్ తెరిచి ఉంచితే, జనం పని మానుకోకుండా వస్తారు. సిబ్బందికి ఆ మేరకు పొద్దున సెలవివ్వాలి. ఉన్నవాళ్లతోనే రెండు పూటలా చేయించమని నేను అడగడం లేదు. ఆశమ్మల నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టమని అసలే అడగడం లేదు.

ఇండెంట్ సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ఖర్చయినదాన్ని బట్టి కాదు, రిజిస్టరులో ఉన్న రోగుల సంఖ్యను బట్టి మందులు పంపండి. నా దగ్గర 600 మంది బీపీ రోగులు పేరు రాయించుకుంటే రోజుకు ఒకటి చొప్పున నెలకు 18,000 గోలీలు కావాలి. కొందరికి రెండు రకాలు పడతాయి. ఇది మూడో తరగతి గుణకారం, దీనికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. మనిషికి ఎన్ని రోజుల మందు ఇచ్చామో రాసే గడి ఒకటి పెట్టండి. ఆ గడిలో పది అని కనబడితే అదే కొరతగా లెక్కించండి. "అందుబాటులో ఉంది" అన్న మాటకు అప్పుడు అర్థం ఉంటుంది. స్టాకు అయిపోయినప్పుడు బయట కొనే వీలు కాగితం మీద ఉంది. కానీ కొన్నవాణ్ణి ఆడిట్‌లో నిలబెట్టి అడుగుతారు. కొనక రోగిని ఉత్త చేతులతో పంపినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

చీటీ మీద మందు పేరు, మోతాదు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేసి ఇవ్వడం తప్పనిసరి చేయండి. కారణం పైన చెప్పాను.

డబ్బు ఎక్కడుందని అడుగుతారు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో, ప్రజారోగ్యానికి ప్రభుత్వాలు పెట్టే ఖర్చును 2025 నాటికి జీడీపీలో రెండున్నర శాతానికి తీసుకెళ్తామని రాసుకున్నారు. అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే అని కూడా రాసుకున్నారు. ప్రాథమిక వైద్యం అంటే నా కిటికీయే. అదే సంవత్సరం బీపీ అదుపు కోసం దేశంలో మొదలుపెట్టిన కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. ఏ గోలీతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏది కలపాలి అన్నది అందులో వరుసగా ఉంది. కాబట్టి కొత్త కమిటీ వేయకండి. వేస్తే వాళ్లకు టీలు, బిస్కెట్లు తెప్పించే పని మళ్లీ ఫార్మసిస్టుదే.

ఈ ఏడూ దీపావళి దాటగానే బండ్లు కదులుతాయి. మూడు నెలల మందు ఇవ్వమని అప్పటికల్లా ఒక్క ఉత్తర్వు పంపండి. మా మండలంలో మూటలు కట్టడానికి మనిషి లేడంటే నేను జీతం లేకుండా వస్తాను. పదేసి గోలీల కట్టలు లెక్కపెట్టడం ఇంకా మర్చిపోలేదు, ఈసారి తొమ్మిదేసి కట్టలు కలిపి కడతాను. ప్రతి మూట మీదా పేరు రాస్తాను, మనిషిదీ గోలీదీ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
నారాయణపేట జిల్లా